గీతకు ఇవతలి ఇళ్లు

ఇంటిమీద అప్పు ఇచ్చేముందు బ్యాంకులో మేము చూసే కాగితాలన్నీ గడిచిన కాలానివే. దస్తావేజులు, పన్ను రసీదులు, ముప్పయ్యేళ్ల ఈ.సీ. రేపు కొండ ఏం చేస్తుందో చెప్పే కాగితం అందులో ఉండదు. ఐస్‌లాండు వాయవ్య మూలనున్న సూదవీక్ సంగతి చదివినప్పుడు నాకు ముందుగా తట్టింది ఇదే.

సముద్రపు పాయకూ, నిట్టనిలువు కొండకూ నడుమ ఇరుకు నేలమీద వెలసిన చేపలవాళ్ల పల్లె అది. 1995 జనవరి 16న తెల్లవారకముందే, జనం పక్కలమీద ఉండగానే, మంచుచరియ విరిగి ఇళ్లమీద పడింది. 14 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలే. తుపానుకు దారి మూసుకుపోవడంతో పక్కఊరి నుంచి సహాయానికి పడవమీద రావలసివచ్చింది.

ఆ ఏడాదే అక్టోబరు 26న, అదే ప్రాంతంలోని ఫ్లాతేరిలో మరో 20 మంది. ఇక్కడ ప్రమాదం ఇంతవరకే అని పటంలో గీత గీసి ఉంది. దెబ్బతిన్న ఇళ్లలో చాలా భాగం ఆ గీతకు ఇవతల, భద్రమన్న వైపే ఉన్నాయి. అప్పటికి తెలిసిన చరియల లెక్కతో గీసిన గీత మరి!

తర్వాత లెక్క మార్చారు. చరియ ఎంతదూరం వస్తుందన్నది ఒక్కటే కాదు. ఆ ఇంట్లో ఉండే మనిషికి ఏడాదిలో దానివల్ల చావు వచ్చే అవకాశం పదివేలకు 0.3 దాటకూడదని 2000లో నిబంధన పెట్టారు. మనిషి ప్రాణానికి దశాంశమా అని కొందరికి కష్టంగా తోచవచ్చు. నాకు మాత్రం అది నిజాయితీగల లెక్క అనిపించింది. సున్నా అని ఎవరూ బుకాయించలేదు.

ఖర్చు సంగతి చూడండి. దేశంలోని ప్రతి ఇంటి అగ్నిబీమా విలువమీద వెయ్యికి 0.3 వంతున, అంటే లక్షకు 30 చొప్పున, వసూలుచేసి చరియల నిధికి జమకట్టారు. కొండ పొడ కూడా తగలని రాజధానివాళ్లూ కట్టవలసిందే. ఫ్లాతేరి పైన పెద్ద కట్టలు లేచాయి. 2020 జనవరిలో మంచు కొంత వాటినీ దాటి ఒక ఇంట్లో దూరింది. అందులో చిక్కిన అమ్మాయిని ప్రాణాలతో తీశారు.

సూదవీక్‌లో కట్ట కట్టలేదు. ఊరినే కదిపారు. పాత ఇళ్లకు సొమ్ము చెల్లించి, అదే పాయ ఒడ్డున కొత్త ఊరు కట్టారు. పాత ఇళ్లు వేసవి విడుదులయ్యాయి. గోడలు గట్టివే, కప్పులు చక్కనివే. శీతకాలంలో మాత్రం అక్కడ ఎవరూ కాపురం ఉండకూడదు.