శనివారాల రికార్డుల కొట్టు

చలిమంట దగ్గరికి జరగండర్రా. ఒరేయ్ చిన్నాడా, ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యి. పొద్దున అటక మీంచి దించిన పెట్టెలో నల్ల ప్లేట్లు చూసి ఇవేంటి తాతయ్యా అన్నారుగా, చెప్తా వినండి.

గుంటూరులో డాక్టరు చదువు ముగించి 1971లో నేను లండన్ వెళ్లాను. మన వైపు డాక్టర్లు అప్పట్లో చాలామంది అక్కడి సర్కారు ఆసుపత్రుల్లో చేరేవాళ్లు. మా వార్డులో నర్సమ్మలు ఎక్కువమంది జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్ దీవులవాళ్లు. 1948లో విండ్రష్ అనే ఓడ వచ్చింది మొదలు, ఆ దీవుల జనం ఇంగ్లండుకు వచ్చి రైళ్లు నడిపారు, బస్సులు నడిపారు, రోగుల్ని చూసుకున్నారు. రాత్రి డ్యూటీలో ఒక జమైకా సిస్టరు మందులు పంచుతూ సన్నగా కూనిరాగం తీసేది. "ఏం పాటమ్మా అది?" అనడిగితే, "రేడియోలో దొరకదు డాక్టర్, శనివారం బ్రిక్స్‌టన్ బజారుకు రండి" అంది.

వెళ్లాను. కొట్టు మన కిళ్లీ కొట్టుకు కాస్త పెద్దది, అంతే. స్పీకర్లు మాత్రం మనిషంత ఎత్తు. బేస్ మోగితే కిటికీ అద్దాలు అదిరేవి, గుండెల మీద చెయ్యి పెట్టి తట్టినట్టుండేది. కౌంటర్ వెనకాయన ఒక చిన్న రికార్డు తీసి, ముల్లు పెట్టి, నాలుగు చరణాలైనా కాకముందే తీసేసేవాడు. ఆ కాసేపట్లోనే నచ్చినవాళ్లు చెయ్యెత్తాలి. ఎత్తిన చేతుల్ని చూసి చకచకా పంచేవాడు. ఆలోచిస్తూ నిలబడితే అయిపోయేది. జమైకాలోని కింగ్‌స్టన్ నుంచి విమానంలో దిగిన సరుకైతే లేబులు మీద పేరు కూడా ఉండేది కాదు, ఉత్త తెల్ల కాగితం. దాన్ని 'ప్రీ' అనేవాళ్లు, ధర ఎక్కువ. ఎవరు పాడారో తెలియకుండా, చెవిని నమ్మి డబ్బు పెట్టాలి. పాటను అంత శ్రద్ధగా వినడం నాకు నేర్పింది ఆ కొట్టే.

అసలు పాట పేరు దాచే ఆ వాడుక జమైకాలో పుట్టింది. మన ఊళ్లో పెళ్లంటే మైకుసెట్టువాళ్లు వచ్చేవారు కదా, ఎవరి సెట్టు గట్టిగా మోగితే వాళ్లకు పేరు. అక్కడా అచ్చం అంతే, సౌండ్ సిస్టమ్ అనేవాళ్లు. కింగ్‌స్టన్‌లో కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్ అని ఇద్దరు మహా పోటీదారులు. అమెరికా వెళ్లి ఎవరికీ దొరకని రికార్డు తెచ్చుకోవడం, లేబులు గీకేసి పేరు తెలియకుండా చెయ్యడం వాళ్ల విద్య. కాక్సన్ దగ్గర విల్లిస్ జాక్సన్ వాయించిన శాక్సఫోన్ రికార్డు ఒకటుండేది. లేబులు గీకేసి, 'కాక్సన్ హాప్' అని తన పేరే పెట్టేసుకున్నాడు. డ్యూక్ రీడ్ మనుషులు ఎట్లాగో దాని అసలు పేరు పట్టుకున్నారు. ఒక రాత్రి డ్యూక్ రీడ్ తన సెట్టు మీద అదే పాట వేసేసరికి కాక్సన్ నిలువునా నీరుగారిపోయాడట. అమెరికా సరుకు తగ్గిపోయాక ఇద్దరూ సొంతంగా పాటలు తీయించారు. స్కా, రాక్‌స్టెడీ, రెగ్గే అనే పాటల బాణీలన్నీ ఆ పోటీలోంచే పెరిగాయి. 1963లో కాక్సన్ పెట్టిన స్టూడియో వన్ ఆ సంగీతానికి పెద్ద బడి.

అందుకే లండన్ కొట్లలో జమైకా రెగ్గే, అమెరికా సోల్ పాటలు పక్కపక్కనే ఉండేవి. జమైకాలో ముగ్గురేసి కలిసి పాడే కుర్రాళ్లకు అమెరికా సోల్ గాయకుడు కర్టిస్ మేఫీల్డ్, ఆయన ఇంప్రెషన్స్ బృందం గురువులు. ఒక చేత్తో స్టూడియో వన్, ఇంకో చేత్తో అమెరికా మోటౌన్ కంపెనీ సోల్ రికార్డు కొనుక్కుని బయటికొచ్చేవాళ్లం.

ఇంకో సంగతి మీకు తెలియాలి. 1845 నుంచి మన దేశపు కూలీలను ఓడల్లో జమైకా తోటలకు తీసుకెళ్లారు. ఆ దీవిలో భారతీయ మూలాలున్న కుటుంబంలో పుట్టిన లీ గోప్తల్ లండన్‌లో రికార్డుల కొట్లు నడిపాడు. 1968లో క్రిస్ బ్లాక్‌వెల్‌తో కలిసి ట్రోజన్ రికార్డుల కంపెనీని నిలబెట్టాడు. ఆ కంపెనీ పాటలు ఇంగ్లండులో తెల్ల పిల్లల ఇళ్లలోకీ వెళ్లాయి. ఈ పెట్టెలో ట్రోజన్ లేబులు కనిపిస్తే ఆయన్ని తలుచుకోండి.

ఇటివ్వమ్మా ఆ ప్లేటు. అంచుల మీదే పట్టుకోవాలి, వేళ్లు గాడి మీద పడకూడదు. దీపం వైపు వంచి చూడు. సన్నటి గీతలు పరవాలేదు, గోరుకు తగిలేంత లోతుంటే ముల్లు ఎగిరిపడుతుంది. నడిమి బెజ్జం చూశావా, రూపాయి బిళ్ల పట్టేంత ఉంది. జమైకా చిన్న రికార్డులు చాలామటుకు ఇంతే, ప్లాస్టిక్ బిళ్ల నడుమ పెడితే గాని మన ప్లేయరు మీద కూర్చోవు. లేబులు పక్కకు అంటించారు, వినైల్ గరుకుగా ఉంది, చిటపట మోగుతుంది. ఆ మోతలోంచే వచ్చే గొంతు వినాలి. వెనక్కి తిప్పితే గొంతు తీసేసి డ్రమ్ములూ బేసూ మిగిల్చిన 'వెర్షన్' ఉంటుంది. రేడియోలు బాగుచేసుకునే కింగ్ టబీ అనే ఆయన దాన్ని పట్టుకుని డబ్ అనే కొత్త విద్యనే తయారుచేశాడు.

సోల్ రికార్డుల పిచ్చి వేరే దారి. డేవ్ గాడిన్ అనే ఆయన లండన్‌లో సోల్ సిటీ అని కొట్టు నడిపేవాడు. ఇంగ్లండు ఉత్తరాది నుంచి వచ్చే కుర్రాళ్లు కొత్తవి వద్దు, 60ల నడుమ నాటి జోరు పాటలే కావాలనడం గమనించి, ఆ పాటలకు నార్తర్న్ సోల్ అని పేరు పెట్టాడు. ఎవరూ కొనక మూలన పడ్డ పాటలకు వాళ్లు ప్రాణం పోశారు. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్‌కు పాడిన రికార్డు విడుదల కాకుండానే ఆగిపోయింది, కొన్ని ప్రతులే మిగిలాయి. 2009లో అందులో ఒకటి 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది. ధర వినగానే మీ కళ్లు మెరిశాయి గాని, నాకు విలువైన సంగతి వేరే. ఆ ప్రతుల్ని ఎవరూ దాచకపోతే ఆ గొంతు లోకానికి వినపడేదే కాదు.

ఆ కొట్లు చాలామటుకు పోయాయి. 1976లో మొదలైన డబ్ వెండర్ వాళ్ల క్లాపమ్ జంక్షన్ షాపు, 2011 లండన్ అల్లర్లలో పక్క దుకాణం తగలబడ్డ ఏడాదే మూతపడింది. స్టూడియో వన్ సరుకు తెప్పించి అమ్మిన జార్జ్ ప్రైస్ కొట్టు పెకింగ్స్‌ను మాత్రం ఆస్క్యూ రోడ్డులో ఆయన పిల్లలు నిలబెట్టారు.

ఈ పెట్టె మీకే ఇస్తున్నా. ప్లేట్లు పడుకోబెట్టి దొంతర పెట్టకండి, వంగిపోతాయి, నిలువుగా పెట్టండి. అమ్ముకోకండి, నెలకోసారైనా మోగించండి. రేపు చదువుకో ఉద్యోగానికో లండన్ వెళ్తే, ఫోన్లో పాట వెతుక్కోవడం మాని ఒక శనివారం రికార్డుల కొట్టుకెళ్లండి. ఏది కొనాలో తెలియకపోతే కౌంటర్ వెనకున్నవాళ్లనే అడగండి, వేసి వినిపిస్తారు.