సూది నునుపు: సుశ్రుతుడి మాటలకు వ్యాఖ్య

సుశ్రుత సంహిత సూత్రస్థానం 8వ అధ్యాయం 20 రకాల శస్త్రాలను, అంటే శస్త్రచికిత్సకు వాడే పదునైన పరికరాలను, పేర్కొని, అవి ఎలా ఉండాలో, ఎలా పదును పెట్టాలో చెబుతుంది. వాటిలో సూదికి అన్వయించే మాటలనే ఇక్కడ తీసుకుంటున్నాను. సూదికి పెట్టే మెరుగంతా రోగి ఒంటి కోసమేనన్న ఎరుక ఈ మాటలన్నిటిలోనూ ఉంది.

సూచి: కుట్టు సూదులు మూడు రకాలని 25వ అధ్యాయం చెబుతుంది. కండ పలచగా ఉన్నచోట, కీళ్ల దగ్గర 2 అంగుళాల (ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు) గుండ్రటిది. కండ పట్టినచోట 3 అంగుళాల పొడవున మూడంచులది. మర్మస్థానాల్లో, పొట్ట మీద విల్లులా వంగినది. మొన వాడిగా ఉండాలి, మందం మాలతీ పువ్వు కాడ చివరంత ఉండాలి. ఇంత సన్నటి లోహానికి మెరుగు పెట్టడం కష్టం. గట్టిగా అదిమితే వంగుతుంది, ఒకేవైపు రుద్దితే గుండ్రదనం పోతుంది. అందుకే వేళ్ల మధ్య తిప్పుతూ పొడవునా రుద్దాలి. అడ్డంగా పడ్డ గీతలు కండకు తగులుకుంటాయి. పొడవు గీతలు అంతగా అడ్డుపడవు.

పాయనం: కాల్చిన శస్త్రాన్ని ద్రవంలో ముంచడం. క్షారం, నీరు, నూనె అని మూడు విధాలు. సిరలను పొడిచే శస్త్రాలకు నూనె చెప్పారు. నీటిలో కంటే నూనెలో ఉక్కు నెమ్మదిగా చల్లారుతుంది, పెళుసుదనం తక్కువ. సన్నటి మొన విరిగి లోపలే ఉండిపోతే ఎంత ప్రమాదమో తెలిసినవారి నిర్ణయమిది.

శ్లక్ష్ణశిల: మినుము రంగు నున్నటి సానరాయి. గరుకు రాయి త్వరగా అరగదీస్తుంది కానీ లోతు గీతలు మిగులుస్తుంది. వాటిని తీయడానికి మళ్లీ అంతకంటే సన్నటి రాయి కావాలి.

శాల్మలీ ఫలకం: బూరుగు చెక్క పలక. 8వ అధ్యాయంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. రాతి మీద పదునెక్కిన అంచున కంటికి కనిపించని లోహపు పొర లేచి నిలుస్తుంది. దాన్ని తీయడానికి ఇంకో రాయి వాడితే ఇంకో పొర లేస్తుంది. మెత్తటి చెక్క మాత్రం అంచును అరగదీయకుండా ఆ పొరను సర్దేస్తుంది. మంగలి తోలు పట్టీ మీద కత్తి నూరేదీ ఇందుకే.

అకరాళం: పళ్లు పళ్లుగా లేకపోవడం. మంచి శస్త్రానికి చెప్పిన ఆరు గుణాల్లో ఇదొకటి. నేటి ఉక్కు సూదులకు ఈ గుణాన్ని విద్యుత్తుతోనూ తెస్తారు. ఆమ్లంలో ముంచి ధనధ్రువానికి కలిపితే, ఉపరితలం మీద ఎత్తుగా ఉన్న చోట్లు ముందు కరిగిపోతాయి. రాయి చేరలేని మూలలూ నునుపెక్కుతాయి. ఎక్కువసేపు ఉంచితే మాత్రం సూది కొలతే తగ్గిపోతుంది. ఆ తర్వాత సిలికోన్ పూత పూస్తే సూది ఇంకా తేలిగ్గా దిగుతుంది.

ఖరధార: గరుకు అంచు. 8 శస్త్రదోషాల్లో ఒకటి, అయితే రంపానికి మినహాయింపు ఉంది. ఎముక కోయాలంటే గరుకు కావాల్సిందే. సూదికీ ఒకచోట పూర్తి నునుపు పనికిరాదు. ఆరు గుణాల్లో మొదటిదైన సుగ్రహం, అంటే పట్టుకు అనువుగా ఉండటం, ఇక్కడే గుర్తు చేసుకోవాలి. ఒళ్లంతా ఒకేలా నునుపైన సూది పట్టుకారులో జారి తిరిగిపోతుంది. అందుకే నేటి శస్త్రచికిత్స సూదుల్లో చాలావాటికి పట్టుకునే భాగాన్ని చదును చేస్తారు, కొన్నిటికి అక్కడ పొడవునా సన్నటి గాడులు తీస్తారు.