మీసాల అమ్మ బడి నుంచి కోస్‌బాడ్ గుట్ట దాకా

గిజుభాయి బధేకాను భావనగర్‌లో ‘మూఛాళీ మా’ అనేవారు. మీసాలున్న అమ్మ. వృత్తికి వకీలు. 1885లో సౌరాష్ట్రలో పుట్టి, కొన్నాళ్లు తూర్పు ఆఫ్రికాలో బతుకుతెరువు చూసుకుని, తిరిగొచ్చి కోర్టుల చుట్టూ తిరుగుతున్న మనిషి. 1913లో కొడుకు పుట్టాడు. వీడినెలా పెంచాలన్న బెంగ పట్టుకుంది. ఆనాటి బడి అంటే బెత్తం, బట్టీయం. అక్కడికి పంపడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. గుజరాత్‌లో గ్రంథాలయోద్యమం నడిపిన మోతీభాయి అమీన్ దగ్గర మాంటిస్సోరి పద్ధతి గురించి చదివే అవకాశం దొరికింది. నల్లకోటు విడిచి పంతులు కావడానికి ఆయనకు ఆ చదువు చాలింది.

ఆ పద్ధతి పుట్టింది రోమ్‌లో, సాన్ లోరెంజో అనే పేదవాడలో. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు మెట్లూ గోడలూ పాడుచేస్తున్నారని అక్కడి ఇళ్ల సొంతదారులు విసిగి, వాళ్లను ఒకచోట కూర్చోబెట్టేందుకు ఏర్పాటు చేసుకున్నారు. 1907 జనవరి 6న ఆ గది తెరిచింది డాక్టర్ మరియా మాంటిస్సోరి. గోడల మీది శ్రద్ధ కొద్దీ మొదలైన పని పసిపిల్లల చదువునే మార్చేసింది. మూడేళ్ల పిల్ల చిన్నా పెద్దా కొయ్య బిళ్లలను వాటి వాటి గుంటల్లో అమరుస్తూ, పక్కన ఎవరేం చేస్తున్నా పట్టించుకోకుండా, అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే ఆమె ఆశ్చర్యపోయింది. కుదురులేనిదని పెద్దలు అనుకునే వయసులో అంత ఏకాగ్రత ఉంటుందని అప్పటిదాకా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

గిజుభాయి 1916లో నానాభాయి భట్ నడిపే దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. 1920లో అక్కడే బాలమందిర్ మొదలుపెట్టాడు. బెత్తం లేదు, బహుమతి కూడా లేదు. రెండూ పిల్లవాడి కళ్లను చేస్తున్న పని మీంచి మరల్చి పెద్దవాళ్ల ముఖం మీదికి తిప్పుతాయన్నది ఆ బడి నమ్మకం. అక్కడి పిల్లలు పాడారు, బొమ్మలు గీశారు, మట్టి పిసికారు, తోటపని చేశారు. కడవలోంచి చెంబులోకి నీళ్లు ఒలకకుండా పోయడం, చొక్కా గుండీ తనే పెట్టుకోవడం, తీసిన వస్తువు తీసినచోట పెట్టడం ఈ పద్ధతిలో పాఠాలే. చూసేవాళ్లకు ఇది ఇంటిపనిలా కనబడుతుంది. మూడేళ్లవాడి మణికట్టు, బొటనవేలు, చూపుడువేలు మాటవినడం నేర్చేది మాత్రం అక్కడే. బలపం పట్టాల్సింది కూడా ఆ వేళ్లే. నీళ్లు పోయడం రాని చేతికి ‘అ’ దిద్దించబోతే వేళ్లు నొప్పిపుడతాయి, పిల్లవాడికి చదువంటే కోపం పుడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గిజుభాయి మాంటిస్సోరి మాట వినలేదు. ఏది నిజమో ఏది కల్పనో తేల్చుకోలేని వయసులో దయ్యాల, దేవకన్యల కథలు వద్దన్నది ఆమె అభిప్రాయం. ఈయన బడికి కథే ప్రాణం. కథ ఎలా చెప్పాలన్నదాని మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. జానపద కథలూ పాటలూ ఏరి తెచ్చి తరగతి గదిలో పోశాడు. ఇక్కడ నా ఓటు గిజుభాయికే. మన ఏడు చేపల కథనే చూడండి. చేప ఎండకపోవడానికి గడ్డిమేటు, గడ్డిమేటుకు ఆవు, ఆవుకు పాలేరు... ఒకదాని వెనక ఒకటి. నాలుగేళ్ల పిల్ల ఆ వరస తప్పకుండా అప్పజెప్పిందంటే కార్యకారణ సంబంధం పట్టుకున్నట్టే. నడుమ ఒక మెట్టు మనం కావాలని వదిలేస్తే ఊరుకోదు, వెనక్కి లాక్కొచ్చి నిలబెడుతుంది. అదే కథ పదోసారి చెప్పమని ప్రాణం తీసేదీ ఇందుకే. తర్వాత ఏమొస్తుందో తనకు ముందే తెలియడంలో దానికో గొప్ప ఉంది.

గిజుభాయి ప్రసిద్ధ రచన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది. మన టీచర్లు చాలామందికి ఆయన ఆ పుస్తకంతోనే పరిచయం. 1939 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. ఆ నవంబరులోనే మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టింది. కొద్ది నెలలకోసం వచ్చిన మనిషి యుద్ధంవల్ల 1946 దాకా ఉండిపోయింది. ఆ పేరు మన వైపూ పాకింది. విజయవాడలో వి.కోటేశ్వరమ్మ 1955లో పెట్టిన మాంటిస్సోరి బడి అలాంటిదే.

అయితే బాలమందిర్‌కు ఒక లోటుంది. నున్నగా చిత్రికపట్టిన ఆ కొయ్య సామాను ఖరీదైనది. అక్కడికొచ్చేవాళ్లు ఎక్కువగా పట్నంలో కాస్త కలిగినవాళ్ల పిల్లలు. ఈ ముల్లు ఎక్కువగా గుచ్చుకున్నది తారాబాయి మోదక్‌కు. రాజ్‌కోట్‌లో మహిళా ట్రైనింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ ఉద్యోగం వదులుకుని ఆమె భావనగర్ చేరింది. 1926లో గిజుభాయితో కలిసి నూతన బాలశిక్షణ సంఘం స్థాపించింది. తర్వాత బొంబాయి దాదర్‌లో శిశువిహార్ నడిపింది. 1945లో, యాభై దాటిన వయసులో, ఆ ఊరు వదిలి ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న బోర్డీ గ్రామానికి వెళ్లింది.

అక్కడ పల్లె బాలవాడీ తెరిస్తే హరిజనవాడ నుంచి పిల్లలు రాలేదు. తల్లిదండ్రులు పంపలేదు. ఎలా పంపుతారు? ఊరి నడుమ బడిలో తమ పిల్లలకు దక్కే మర్యాద ఏపాటిదో వాళ్లకు తెలియదా? తారాబాయి వాళ్లను తప్పుపట్టలేదు, నచ్చజెప్పడానికి సభలూ పెట్టలేదు. బడినే వాడకు తీసుకెళ్లింది. టీచర్లు పొద్దున్నే వెళ్లి ఎవరిదో ఒక వాకిలి ఊడ్చి పిల్లలను పోగుచేసేవారు. ముందు స్నానం, తల దువ్వడం, గోళ్లు తీయడం. తర్వాతే పాట, ఆట. ఇంట్లో పనిచేసుకుంటున్న తల్లులు తలుపు సందులోంచి చూస్తూనే సగం నేర్చుకునేవారు. వాకిట్లో బడి గనుక అంగన్‌వాడీ అన్నారు.

ఆమెకు కుడిభుజంగా నిలిచిన అనుతాయి వాఘ్‌ది మరో కథ. పదమూడేళ్లకు పెళ్లి, కొద్ది నెలలకే వైధవ్యం. పట్టుబట్టి చదువుకుని టీచరయింది. 1945లో తారాబాయి వెంట బోర్డీ వచ్చింది. 1950ల్లో ఇద్దరూ దగ్గర్లోని కోస్‌బాడ్ గుట్ట మీదికి, వార్లీ గిరిజనుల మధ్యకు మకాం మార్చారు. మాంటిస్సోరి సామాను మోసుకెళ్లే అవసరం రాలేదు. గింజలు, గవ్వలు, ఆకులు, గులకరాళ్లు చాలు. గరుకైనవి ఇటు, నున్ననివి అటు. చిన్నవాటి నుంచి పెద్దవాటిదాకా వరస. లెక్కల పునాది అదే. అంకె పలకడానికి ముందే పిల్లవాడు పోల్చడం, విడదీయడం, జతచేయడం నేర్చేశాడు.

వార్లీ పిల్లలు పశువుల వెంట పోతే టీచరూ బీటికే వెళ్లింది. పచ్చికబయలు బడి అన్నమాట. ఇక ఆడపిల్లల సంగతి. ఏడెనిమిదేళ్ల అక్క చంకలో చంటి తమ్ముణ్ని వేసుకుని తిరుగుతుంటే ఎప్పుడు చదువుతుంది? అందుకే కోస్‌బాడ్‌లోని తమ బడి వికాసవాడిలో శిశుసంరక్షణ, బాలవాడీ, ప్రాథమిక బడి మూడూ ఒకేచోట పెట్టారు. తమ్ముడు ఒక గదిలో, చెల్లి ఇంకో గదిలో, అక్క తన తరగతిలో. పసిపిల్లల బడి అక్క చదువును కూడా నిలబెడుతుందని కాగితాల మీద లెక్కలు వేసి కనిపెట్టిన సంగతి కాదిది. గుమ్మంలో చంటిబిడ్డతో నిలబడ్డ పిల్లను చూసినవాళ్లకు తట్టింది.

తారాబాయికి 1962లో పద్మభూషణ్ వచ్చింది. 1973లో ఆమె పోయాక అనుతాయి ఆ గుట్టను వదల్లేదు. 1992లో చనిపోయేదాకా అక్కడే. ఈలోగా 1975 అక్టోబరు 2న కేంద్రం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని దేశంలో 33 చోట్ల మొదలుపెట్టింది. దాని కేంద్రాలకు అంగన్‌వాడీ అన్న పేరే ఖాయమైంది. నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అవి దాదాపు 90 వేలు. గుడ్డు, వేడి అన్నం, బరువు తూచే త్రాసు, టీకాల లెక్క. వీటితోపాటు మూడు నుంచి ఆరేళ్లవాళ్లకు ఆటపాటల చదువు.

ఊళ్లో మాత్రం దాన్ని అన్నం పెట్టేచోటుగానే చూస్తారు. చదువు కావాలంటే వ్యానెక్కించి ఎల్‌కేజీకి పంపుతారు. అక్కడ మూడున్నరేళ్లవాడికి హోంవర్క్ నోట్‌బుక్, నాలుగు గీతల మధ్య అక్షరాలు. నర్సరీలో చేరిన నెలకే ‘మావాడికి ఏబీసీడీలు వచ్చాయా?’ అని అడిగే తండ్రికి, వాడు నిన్న ఏడవకుండా తల్లి చెయ్యి వదిలాడని, ఆడుతున్న బొమ్మను పక్కవాడికిచ్చి తన వంతుకోసం ఆగాడని టీచరమ్మ చెబితే ఆనదు. ఆ వయసులో అంతకు మించిన పరీక్ష లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచే బడి లెక్క మొదలుపెట్టి, ఆటనే బోధనగా ఒప్పుకుంది.

అంగన్‌వాడీ టీచరు చేతిలో ఇప్పుడు పోషణ్ ట్రాకర్ యాప్ ఉన్న ఫోను ఉంటుంది. హాజరు, ఎత్తు, బరువు, పంచిన సరుకులు అన్నీ అందులో ఎక్కించాలి. సర్వేలు, మీటింగులు వేరే. ఇవన్నీ పోగా మిగిలే సమయంలో ఆవిడ ఏడు చేపల కథ చెప్పాలి.