జుర్గెన్ (నవల)

అమెరికన్ రచయిత జేమ్స్ బ్రాంచ్ క్యాబెల్ (1879–1958) రాసిన వ్యంగ్య కాల్పనిక నవల 'జుర్గెన్'. న్యూయార్క్‌లోని మెక్‌బ్రైడ్ సంస్థ దీన్ని 1919లో ప్రచురించింది. క్యాబెల్‌ది వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరం. కథ జరిగేది మాత్రం ఆయన ఊహలో పుట్టిన పువాటెమ్ అనే మధ్యయుగపు ఫ్రెంచి సీమలో. నూరేళ్లు దాటినా ఈ పుస్తకం మీద పాఠకులు ఒక్క మాట మీదికి రాలేదు.

జుర్గెన్ నలభై దాటిన తాకట్టు వ్యాపారి, ఒకప్పుడు కవిత్వం రాసినవాడు. దారిలో కాలికి రాయి తగిలి సైతానును తిట్టిపోస్తున్న సన్యాసిని వారించి, సైతాను పక్షాన ఒక మంచి మాట అంటాడు. అందుకు బహుమానంగా అతని గయ్యాళి భార్య లీసా మాయమవుతుంది. ఆమెను వెతకబోయినవాడికి పోయిన యవ్వనం ఏడాదిపాటు తిరిగొస్తుంది. లోకంలోని రంగులన్నీ ఉతికి వెలవెలబోయేలా చేసే సెరెడా అనే ముసలి దేవతను పొగిడి, గడిచిపోయిన ఒక బుధవారాన్ని అరువు తెచ్చుకోవడం వల్ల వచ్చిన యవ్వనం అది. ఇక రాణులు, వనదేవత, నరకంలో రక్తపిశాచి: ఎవరు వలపు చూపితే వారి వెంట నడుస్తాడు. ఒక్క హెలెన్ దగ్గరే ఆగిపోతాడు. జీవితమంతా కలగన్న ఆ ట్రాయ్ సుందరి మంచం దాకా వెళ్లి, నిద్ర లేపకుండానే వెనుదిరుగుతాడు. కల చేతికందితే ఇక కనడానికేమీ మిగలదని అతని భయం. నవల గుండె ఇక్కడే ఉంది.

తొలి పాఠకుల్లో చాలామంది ఇంత దూరం రాలేదు. కత్తి, బల్లెం, రాజదండం వంటి మాటల చాటున క్యాబెల్ నడిపిన రెండర్థాల దగ్గరే ఆగిపోయారు. 1920 జనవరిలో న్యూయార్క్ దురాచార నిర్మూలన సంఘం కార్యదర్శి జాన్ సమ్నర్ ఫిర్యాదుపై పుస్తకం ప్రతులనూ, ముద్రణ పలకలనూ జప్తు చేశారు. 1922 అక్టోబరులో న్యాయమూర్తి చార్లెస్ నాట్ కేసు కొట్టేశారు. సూచనలు సున్నితంగా ఉన్నాయనీ, కథ వాతావరణమే లోకాతీతమనీ, అసలు ఈ పుస్తకం బహు కొద్దిమందికి తప్ప అర్థం కాదనీ ఆయన అభిప్రాయం. క్యాబెల్ ఊరుకోలేదు. ఒక పేడపురుగు జుర్గెన్‌పై నేరం మోపే విచారణ ఘట్టం రాసి, తర్వాతి ముద్రణల్లో చేర్చారు. కేసు పుస్తకానికి పేరు తెచ్చింది, కానీ బూతు పుస్తకమన్న ముద్ర కూడా వేసింది. ఆ ముద్ర అన్యాయం.

విమర్శకుడు హెచ్.ఎల్. మెంకెన్, ఆంగ్ల నవలాకారుడు హ్యూ వాల్పోల్ క్యాబెల్‌ను నెత్తిన పెట్టుకున్నారు. 1930ల ఆర్థిక మాంద్యంలో కూలీల, రైతుల కథలు ముందుకొచ్చాక ఆయన పేరు మసకబారింది. 1956లో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 'న్యూయార్కర్' పత్రికలో క్యాబెల్‌ను మళ్లీ తూచి, గౌరవంగా రాశారు. సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ హైన్‌లైన్ 1984 నాటి తన 'జోబ్' నవలకు జుర్గెన్ ఉపశీర్షికనే పెట్టుకున్నారు. జుర్గెన్ ఒక భాగంగా ఉన్న నవలామాలలోని వెండి గుర్రానికి క్యాబెల్ పెట్టిన పేరు కల్కి. క్యాబెల్ అభిమానుల సంఘం నడిపిన పత్రిక పేరూ అదే.

ఈనాటి పాఠకుల ప్రధాన అభ్యంతరం స్త్రీ పాత్రల మీద. జుర్గెన్ వలచిన గ్వినివీర్, అనైటిస్, క్లోరిస్ అందరూ జుర్గెన్ కళ్లకు కనిపించినంత మేరకే బతుకుతారు. లీసాకు నోరు తప్ప మనసున్నట్టు తోచదు. ఈ ఆక్షేపణ నిజమే, దీన్ని కాలం మీదికి నెట్టి తప్పించుకోకూడదు.

ముగింపు మీద వాదం ఇంకా పెద్దది. సృష్టికర్త కోష్చెయ్ విశ్వాసానికి గ్వినివీర్‌ను, కోరికకు అనైటిస్‌ను, స్వప్నానికి హెలెన్‌ను ప్రతినిధులుగా ముందు నిలబెడితే, జుర్గెన్ ముగ్గురినీ కాదని లీసానే ఇమ్మంటాడు. కొందరు దాన్ని ఓటమి అంటారు, కొందరు వివేకం అంటారు. రెండూ కాదు, అది దుఃఖం. తిరిగొచ్చిన యవ్వనంతోనూ మునుపటిలా ప్రేమించలేకపోయిన మనిషి దుఃఖం. నవ్వుతూ చదివిన పుస్తకం చివర గొంతు పట్టేసేది అందుకే.

1919 నాటి పాఠానికి అమెరికాలో కాపీరైటు గడువు తీరింది. ఇంగ్లిషు చదవగలిగినవారు కేసు సంగతి పక్కనపెట్టి, హెలెన్ అధ్యాయం దాకా ఓపికగా చదవాలి.