రెండు చాపల గదిలో అతిథి

ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని మనవాళ్ళొక సామెత కట్టారు. కట్టినవాడు మగవాడే అయివుంటాడని నాకు గట్టి నమ్మకం. ఇరుకింటికి నలుగురు చుట్టాలొస్తే మంచం ఎత్తి గోడకి నిలబెట్టి, పిల్లల పుస్తకాలు బీరువా మీదకెక్కించి, కుర్చీల కోసం పక్కింటికి పరిగెత్తే ఇల్లాలి అవస్థ ఎరిగినవాడైతే ఆ రెండో ముక్క అనివుండడు. పైగా ఇంతా సర్దాక, "మా ఇల్లు ఇరుకండీ, ఏమీ అనుకోకండి" అని సిగ్గుపడేదీ మనమే.

అయితే, చిన్న గదిలో అతిథిని కూర్చోబెట్టడమే గొప్ప మర్యాద అని నమ్మినవాళ్ళు కూడా చరిత్రలో వున్నారు. ఆ కథ మన వైశాలిలో మొదలై జపానులో తేలుతుంది.

విమలకీర్తి నిర్దేశ సూత్రమని ఒక బౌద్ధ గ్రంథం. అందులోని విమలకీర్తి వైశాలిలో గృహస్థు, ఆలుబిడ్డలున్నవాడు. ఆయనకు జబ్బు చేసిందని మంజుశ్రీ పెద్ద పరివారంతో చూడబోతాడు. వస్తున్నారని తెలియగానే విమలకీర్తి తన పడక ఒక్కటి వుంచి, గదిలో సామానంతా మాయం చేసేస్తాడు. లోపలికొచ్చిన శారిపుత్రుడికి ఇంతమందీ ఎక్కడ కూర్చోవాలన్న బెంగ పట్టుకుంటుంది. నువ్వొచ్చిన పనేమిటని విమలకీర్తి ఆయనకో చురక అంటించి, ఆ చిన్న గదిలోనే 32,000 సింహాసనాలు పట్టించాడట!

కుమారజీవుడు 406లో ఈ గ్రంథాన్ని చైనా భాషలోకి మార్చాడు. అది జపానుకూ చేరింది. అక్కడి జెన్ మఠాల్లో గురువుగారి గదిని పదడుగుల చదరం అనే అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు. ఆ పేరు విమలకీర్తి గదిని బట్టే వచ్చిందంటారు. జపానువాళ్ళ టీ వేడుకకు వాడే నాలుగున్నర చాపల గదికి కూడా దాన్నే మూలంగా చెబుతారు. వాళ్ళ చాప ఇంచుమించు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు.

ఆ నాలుగున్నర చాపలు కూడా ఎక్కువే అనుకున్న మహానుభావుడు సెన్ నో రిక్యూ. 1522లో సకాయ్ రేవుపట్నంలో వర్తకుల ఇంట పుట్టాడు. జపానునంతా తన ఏలుబడిలోకి తెచ్చుకున్న హిదెయోషికి టీ గురువయ్యాడు. క్యోటో దగ్గర యమజాకిలో, 1582 ప్రాంతంలో ఆయన కట్టించాడని చెప్పే తైయాన్ అనే టీగది ఇప్పటికీ వుంది. టీ ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ కలిసి కూర్చునే చోటు మొత్తం రెండే చాపలు!

ఊపిరాడుతుందా అంటారేమో, అందులో కిటుకులు చూడండి. పువ్వు, పటం వుంచే గూటి మూలల్నీ, కుంపటి వున్న మూలనీ మట్టితో గుండ్రంగా మెత్తేశారు. గోడ ఎక్కడ ఆగిందో కంటికి అందదు. పైకప్పు కొంత చదునుగా, కొంత ఏటవాలుగా వుంటుంది. కాగితం అంటించిన కిటికీల్లోంచి వెలుగు మెత్తగా వస్తుంది. ఇక సామానంటారా, ఆ పూటకి కావలసినవే లోపలికొస్తాయి, పనవగానే బయటికి పోతాయి.

అతిథి వచ్చే గుమ్మం రెండడుగుల చదరం కంటే కొంచెమే పెద్దది. ఎంతటి ప్రభువైనా కత్తి బయట పెట్టి, తల వంచి, మోకాళ్ళ మీద పాకి రావలసిందే. మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చున్నాక ఇక దర్జా చూపించుకోవడానికి చోటెక్కడ?

అతిథులు వచ్చేముందు తోటబాటలో నీళ్ళు చల్లుతారు. మన కల్లాపి గుర్తొచ్చి నాకు ముచ్చటేసింది. ఆ తర్వాత నిప్పులు సర్దేదీ, గిన్నె తుడిచేదీ, పచ్చని టీపొడిని వేణ్ణీళ్ళలో వేసి వెదురు కవ్వంతో చిలికేదీ అంతా పిలిచినాయనే, అతిథి కళ్ళెదుటే.

ఇంతటి నిరాడంబరానికి శిష్యుడైన హిదెయోషికి మరోపక్క ఆడంబరమంటే మహా మోజు. లోపలంతా బంగారు రేకు తాపిన టీగది చేయించుకున్నాడు. విప్పి ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోవచ్చు. 1586లో అందులోనే ఓగిమచి చక్రవర్తికి టీ ఇచ్చాడు. అదీ మూడు చాపలే సుమండీ! బంగారం తాపాడు గానీ, గది పెంచడానికి ఆయనకూ మనసొప్పలేదు.

1591లో ఆ హిదెయోషే రిక్యూని ఆత్మహత్య చేసుకొమ్మని ఆజ్ఞాపించాడు. కారణాలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. దైతోకుజి ఆలయ ద్వారం పై అంతస్తులో రిక్యూ విగ్రహం పెట్టడం, దాని కింద తాను నడవవలసి రావడం అందులో ఒకటి. గురువుగారి గుమ్మంలోంచి పాకి వచ్చినవాడికి ఆ గుమ్మం కింద నిటారుగా నడవడం నామోషీ అయిందన్నమాట!

ఇంతవరకూ వచ్చినవన్నీ మగపేర్లే, గమనించారా? ఆ రోజుల్లో టీ వేడుక చాలావరకు మగవాళ్ళది. ఆడపిల్లల బళ్ళలోకి అది 19వ శతాబ్దం చివరి భాగంలో వచ్చింది. అతోమి కకెయ్ అనే ఆవిడ 1875లో టోక్యోలో పెట్టిన బాలికల పాఠశాలలో టీ కూడా ఒక పాఠమే. నీజిమా యాయె అని ఇంకొకావిడ వుంది. 1868 యుద్ధంలో కోటను కాపాడటానికి తుపాకి పట్టిన ధీర. భర్త పోయాక టీ విద్య నేర్చి, క్యోటోలో తన ఇంట్లోని ఒక గదినే టీగదిగా మార్చుకుంది. 1932లో కన్నుమూసింది. ఆ ఇల్లు ఇప్పటికీ వుంది.

ఇదంతా చదివాక నాకు తోచిందేమిటంటే, మన ఇళ్ళల్లో అతిథికి నిజంగా కరువయ్యేది ఇల్లాలు. చుట్టాలు ముందుగదిలో, మనం పొయ్యి దగ్గర. వాళ్ళు వచ్చిందగ్గర్నించీ వెళ్ళేదాకా "వచ్చేస్తున్నా, కూర్చోండి" అన్న మన గొంతే వాళ్ళకి వినిపిస్తుంది. రెండు చాపల గదిలో అలా తప్పించుకునే వీలు లేదు. ఈసారి వదినగారొస్తే మూడో పిండివంట మానేసి, ఆ అరగంటా ఆవిడ పక్కన కూర్చోండి. లేదా వంటింట్లోనే ఓ పీట వేసి, కాఫీ కలుపుతూ కబుర్లు చెప్పండి. ఆవిడ మీ ఇంటి కొలతలు తీసుకోవడానికి రాలేదుగా!