మన పిల్లలను ఏ బడిలో వేయవలెను? బళ్ళారి సీమ చెప్పే పాఠం

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని శ్రద్ధగా వింటాము. ఆ వ్యయంలో పెద్ద పద్దు ఏదని ఏ గృహస్థును అడిగినా పిల్లల చదువనే చెబుతాడు. చైత్రం వచ్చినదంటే పిల్లలను బడులలో చేర్చే ఋతువు వచ్చినట్లే. కన్నడ బడియా, ఇంగ్లీషు బడియా, తెలుగు చెప్పే బడి దగ్గరలో ఏదైనా మిగిలి ఉన్నదా? సర్కారు బడియా, ప్రైవేటు బడియా? ఫీజు ఎంత, బస్సు ఖర్చు ఎంత, విద్యార్థి వేతనమేమైనా దొరకునా? తరతరాలుగా కర్ణాటకంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్నలు వినబడని ఇల్లు లేదు.

ఇది ఈనాడు పుట్టిన చిక్కు అనుకొనుట పొరపాటు. రెండు వందల ఏండ్ల క్రిందటి బళ్ళారి జిల్లాలోనూ తలిదండ్రులకు ఇదే ప్రశ్న ఉండేది. వారు ఏ బడులు ఎంచుకొన్నారో, ఎందుచేత ఎంచుకోలేకపోయినారో వ్రాతపూర్వకంగా మనకు మిగిలి ఉన్నది. ఆ కథను మన పాఠకుల ముందు ఉంచవలెనని ఈ వ్యాసం తలపెట్టినాము.

1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలల లెక్క తీయించినాడు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసినవాడు గనుక ఈ సీమ ప్రజల స్థితిగతులు అతడికి కొత్త కాదు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదిక పంపినాడు. ఈ కాంబెల్ మనకు పరాయివాడు కాదు. 1816లో తెలుగు వ్యాకరణం, తరువాత తెలుగు నిఘంటువు ప్రకటించినవాడు ఇతడే. భాష తెలిసినవాడు కాబట్టి అతడి నివేదిక ఒట్టి అంకెల పట్టిక కాక, బడి లోపలి బ్రతుకును కూడా చూపుతున్నది.

ఆనాటి జిల్లాలో 533 విద్యాస్థానాలు ఉండేవి. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, పారశీకానివి 21, తమిళానివి 4, ఇంగ్లీషుది 1. ఇవి గాక సంస్కృతంలో శాస్త్రాలు చెప్పే చోట్లు 23. నాటి జిల్లా నేటిదానికన్నా చాలా పెద్దదని ఇక్కడ గుర్తుంచుకోవలెను. అనంతపురం ప్రాంతం 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆదోని, రాయదుర్గం 1953 దాకా బళ్ళారిలోనే ఉండినవి. అయినా కన్నడ, తెలుగు బడులు ఇంచుమించు సరిసమానంగా, ఒకే సీమలో, ఒకే కలెక్టరు పద్దులో ఉండుట గమనింపదగినది. ఒక భాష బడి ఉన్నచోట రెండవది ఉండరాదనే తగవు ఆ లెక్కలలో కనబడదు.

ఆ బడులలో చదివేవారు 6,641 మంది. అందులో ముస్లిం బాలురు 243, హిందూ బాలురు 6,338, బాలికలు 60. హిందూ బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981 కాగా, శూద్రులని వ్రాసినవారు 2,998, ఇతర కులాలవారు 1,174. చదువు ఒకటి రెండు కులాల సొత్తుగానే ఉండేదన్న మాటను ఈ అంకెలు కొంత సవరిస్తున్నవి. కాని ఆడపిల్లల విషయంలో మాత్రం అవి మనలను తల వంచుకొనేటట్లు చేస్తున్నవి.

బడి దినచర్యను కాంబెల్ ముచ్చటగా వర్ణించినాడు. అయిదవ ఏట విద్యారంభం. గురువును, బడిపిల్లలను ఇంటికి పిలిచి, గణపతి ప్రతిమ చుట్టూ కూర్చుండబెట్టి, పిల్లవాడిచేత బియ్యంలో వ్రేలితో అక్షరం దిద్దించేవారు. ఉదయం ఆరు గంటలకు బడి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న, అనగా మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. ఇసుకలో వ్రేలితో మొదలైన వ్రాత తాటాకుకు, కాగితానికి సాగేది. పలక బదులుగా, నల్లగా పూసిన గుడ్డను మడచి చేసిన కడితం మీద కూడా వ్రాసేవారు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే పద్ధతిని కాంబెల్ మెచ్చుకొన్నాడు. ఆ పద్ధతినే ఆండ్రూ బెల్ మద్రాసులో చూచి ఇంగ్లండుకు తీసుకొనిపోయినాడు.

అయితే అతడు మెచ్చనిదీ ఒకటున్నది. పద్యకావ్యాలను పిల్లలు అర్థం తెలియకుండా కంఠస్థం చేస్తున్నారని, పుస్తకంలోని భాష వేరు, ఇంట్లో మాటలాడే భాష వేరుగా ఉన్నవని అతడు వ్రాసినాడు. తన భాష బడిలోనే అంత దూరం ఉండగా, పరభాష బడిలో అడుగు పెట్టే పసివాడి సంగతి చెప్పవలెనా? బడి దగ్గరగా ఉండుట వేరు, తగినదిగా ఉండుట వేరు.

ఇక అసలు విషయానికి వస్తాము. సుమారు తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల జనాభాలో బడికి పోయేవారు వెయ్యికి ఏడుగురే. ఎందుచేత? చదువు మీద ఆశ లేక కాదు. పేదరికమే కారణమని కాంబెల్ స్పష్టంగా వ్రాసినాడు. సీమ నేత బట్ట వచ్చి ఇక్కడి నేతవారి పని పోయినది. పాత సంస్థానాల కొలువులు, సైన్యాలు పోయినవి. మధ్యతరగతివారు, క్రింది తరగతివారు పిల్లల చదువు ఖర్చు పెట్టుకోలేని స్థితికి వచ్చినారు. పూర్వం బడులున్న పల్లెలు కొన్నింటిలో ఇప్పుడు బడి లేదు; పెద్ద బడులున్నచోట కలిగినవారి పిల్లలు కొద్దిమందే మిగిలినారు. 533 విద్యాస్థానాలలో ఒక్కదానికీ ప్రభుత్వ సహాయం లేదని చెప్పుటకు తాను సిగ్గుపడుతున్నానని కూడా ఆ అధికారి వ్రాసినాడు.

అనగా 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు ఉన్నా, బత్తెం ఇచ్చుకోలేని తండ్రికి వాటిలో ఒక్కటీ లేనట్లే. ఎంచుకొనే స్వేచ్ఛ బడుల సంఖ్యలో మాత్రమే లేదు, కొంగున ఉన్న కాసులో కూడా ఉన్నది. మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఈ ఒక్క మాటే.

మన్రో ఈ మాట గ్రహించినాడు. బడిపంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేనప్పుడు సమర్థులు ఆ వృత్తిలోకి రారని 1826 మార్చిలో వ్రాసి, ప్రతి తహసీలుకు ఒక పాఠశాల పెట్టి, ఉపాధ్యాయుడికి సర్కారు నెలకు తొమ్మిది రూపాయలు ఇవ్వవలెనని, పిల్లలిచ్చే ఫీజు దానికి తోడు కావలెనని ప్రతిపాదించినాడు. 1827 జూలైలో పత్తికొండలో కలరా సోకి మన్రో మరణించినాడు. అతడి తరువాత ఆ పాఠశాలలను పట్టించుకొన్నవారు లేక, కొద్ది ఏండ్లకే అవి ఎత్తిపోయినవి.

తరువాతి మలుపు 1854. చార్లెస్ వుడ్ పంపిన విద్యా తాకీదులో ప్రభుత్వమే అన్ని బడులూ నడుపుట సాధ్యం కాదు గనుక, ఎవరు నడిపినా మంచి బడికి గ్రాంటు ఇవ్వవలెనన్నారు. ఆ బడి కొంచెమైనా ఫీజు వసూలు చేయవలెనని, క్రింది బడిలో ప్రతిభ చూపినవాడు పై బడికి పోవుటకు విద్యార్థి వేతనాలు ఉండవలెనని కూడా అన్నారు. ఈనాడు మనం వాడే గ్రాంటు, ఫీజు, స్కాలర్‌షిప్పు అనే మూడు మాటలూ ఆ కాగితంలో ఒకచోట చేరినవి. బళ్ళారిలో 1846లోనే లండన్ మిషను వారు ప్రారంభించిన వార్డ్‌లా పాఠశాల ఉన్నది. మిషను బడి, సర్కారు బడి, దేశీయుల బడి ప్రక్కప్రక్కన నిలిచి, కలిగినవారికి ఎంచుకొనే వీలు పెరిగినది.

రెండు భాషల మధ్య పెరిగినందువలన బళ్ళారి నష్టపోలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు తెలుగు నాటకాలు వ్రాసినది ఈ ఊళ్ళోనే. బళ్ళారి రాఘవ తెలుగు, కన్నడ రంగస్థలాలు రెండింటా నటించినారు. ఒక భాష నేర్చుకొనుటకు రెండవదాన్ని విడిచిపెట్టనక్కరలేదనడానికి వీరే సాక్షులు.

లేనివారి పిల్లలకు మాత్రం వేతనమే తలుపు తెరవవలెను. 1913లో బరోడా మహారాజా సయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన వేతనంతోనే డాక్టర్ అంబేద్కర్ అమెరికాలో చదువుకోగలిగినారు. ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ పై చదువులకు కేంద్ర వేతనాలు మొదలైనవి. ఒక వేతనం ఒక మనిషిని, ఆ మనిషి వేలమందిని ఎట్లు పైకి తెచ్చినదో చెప్పుటకు ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారితో సహా ఏడు తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిసినవి. ఒక్క రాత్రిలో మన పెద్దలు ఉన్నచోటనే ఉండి భాషా అల్పసంఖ్యాకులైనారు. వలస పోకుండానే ప్రవాసులైన మన కథ ఇది. అప్పటినుండి ఏ బడి అనే ప్రశ్నకు ఏ భాష అనే ప్రశ్న మరింత బరువుగా తోడైనది.

దీనికి చట్టం కొంత జవాబు చెప్పినది. ఒక బడిలో నలభైమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఉంటే ప్రాథమిక దశలో వారి మాతృభాషలో చదువు చెప్పవలెనని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించినది. భాషా అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు తాము నెలకొల్పుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రం ప్రయత్నించవలెనని 1956లో చేరిన 350ఏ అధికరణం చెప్పుచున్నది. అయితే పదిమంది పిల్లలు ఊళ్ళో ఉంటే చాలదు, ఆ పదిమంది తలిదండ్రులూ దరఖాస్తులో తెలుగు కావలెనని వ్రాయవలెను. అడుగనివారికి ఉపాధ్యాయుడు రాడు. ఉపాధ్యాయుడు లేని బడిలో మరుసటి ఏడు అడిగేవారుండరు. ఎవరూ తలుపు మూయకుండానే బడి మూతపడుట ఈ విధంగానే.

2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక ప్రభుత్వానికి సంబంధించిన వ్యాజ్యంలోనే, పిల్లవాడి మాతృభాష ఏదో, ఏ భాషలో చదువవలెనో నిర్ణయించవలసినవారు తలిదండ్రులని, ప్రైవేటు బడులపై ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం నిర్బంధించరాదని తీర్పు చెప్పినది. ఎంపిక మన చేతికి వచ్చినది. మరి కాసు మాటేమి? 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులలో ప్రవేశ తరగతిలో నాలుగవవంతు స్థానాలను పేద, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు కేటాయించి, వారి ఖర్చు సర్కారు భరించవలెనన్నది. కర్ణాటకంలో దానివలన ఎన్నో కుటుంబాలు మేలు పొందినవి. 2019లో, దగ్గరలో సర్కారు బడి గాని ఎయిడెడ్ బడి గాని ఉంటే ప్రైవేటు బడిలో ఈ కోటా వర్తించదని రాష్ట్రం నియమం మార్చగా, ఆ వీలు చాలావరకు తగ్గిపోయినది. సర్కారు బడులు నిండవలెనన్న వాదంలో న్యాయం లేకపోలేదు. కాని ఒకరికి ఉన్న ఎంపిక పేదవాడికి లేకపోవుట 1823 నాటి బాధే.

సర్కారు, ఎయిడెడ్ బడులలో చదివేవారికి కూడా వేతనాలు ఉన్నవని చాలామందికి తెలియదు. 2008లో ప్రారంభమైన జాతీయ ప్రతిభా వేతన పథకం కింద ఎనిమిదవ తరగతిలో పరీక్ష వ్రాసి నెగ్గిన పేద విద్యార్థికి తొమ్మిది నుండి పన్నెండవ తరగతి దాకా సహాయం లభిస్తుంది. చదువు మానివేసే వయసులో పిల్లలను బడిలో నిలిపేది ఇటువంటిదే. గడువు తేదీ తెలియకనో, ఆదాయపు సర్టిఫికెట్టు సకాలంలో చేతికి రాకనో అర్హులు వెనుకబడరాదు.

కాబట్టి మన సంఘం చేయవలసిన పని మాకు స్పష్టంగా తోచుచున్నది. మొదటిది, ప్రతి వీధిలో బడి ఈడు పిల్లల పట్టిక తయారుచేసి, తెలుగు కోరేవారి దరఖాస్తులు బడులు తెరవకముందే ఒక్కచోట చేర్చి అధికారులకు అందజేయవలెను. రెండవది, వేతనాల గడువులు, కావలసిన కాగితాలు తెలిపే పత్రం అచ్చువేసి ఇంటింటికీ పంచవలెను. మూడవది, వేతనం చేతికి వచ్చేలోగా పుస్తకాలకు, బస్సు చార్జీకి సాయపడే చిన్న నిధి ఉండవలెను. నాలుగవది, పిల్లలు కన్నడ బడిలో చేరినా, ఇంగ్లీషు బడిలో చేరినా సాయంకాలం ఒక గంట తెలుగు వ్రాయ, చదువ నేర్పే ఏర్పాటు ఉండవలెను. ఇందులో ఆడపిల్లలకు ముందు స్థానం ఇవ్వవలెను. 6,641 మందిలో 60 అన్న అంకె మన సీమ చరిత్రలోని మచ్చ.

ఏ కుటుంబానికైనా ఫలానా బడే మంచిదని చెప్పే అధికారం మాకు లేదు. ఇంటి సంగతి ఇంటివారికే తెలుసు. వారు ఎంచుకొన్న బడి గడప దాకా పిల్లవాడిని నడిపించుట మాత్రం పదిమందీ కలిసి చేయగలిగిన పని. నాడు మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. ఈ కొత్త సంవత్సరంలో మన పిల్లలందరి చేతులలోనూ ఆ పేరు పడవలెనని కోరుతూ, పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుచున్నాము.