దోహదము: ఒక పదము, ఒక ధర్మసందేహము

నేటి తెలుగున 'దోహదము' అనగా తోడ్పాటు. పరిశ్రమలకు దోహదము, విద్యాభివృద్ధికి దోహదము అని నిత్యము చదువుచున్నాము. గర్భిణి కోరిక యన్నది ఈ పదమునకు తొలి యర్థమని పెక్కురు విద్యార్థులు నిఘంటువు విప్పినగాని యెరుగరు. ఇది సంస్కృతమున చేరిన ప్రాకృతరూపమనియు, దీనికి మూలము 'ద్విహృద్' అని కొందరును, 'దౌర్హృదము' అని కొందరును చెప్పియున్నారు. పిదప చెట్లు పూచుటకై చేయు నుపచారమునకును, అశోకమునకు యువతి పాదతాడనము వంటి కవిసమయములకును ఈ పేరే వచ్చినది. అటనుండి తోడ్పాటను నర్థమునకు దూరము కొంచెమే. కోరిన స్త్రీ పదమునుండి తప్పుకొనినది. ఒసగు చేయి మిగిలినది. ఈ తప్పుకొనుట పదచరిత్రకు మాత్రమే చెందినదా, గర్భిణిని గూర్చిన ధర్మచింతకును చెందినదా యని ఇట విచారింపదలచితిమి.

చరకసంహిత శారీరస్థానమున నాల్గవ యధ్యాయము దీనికి ముఖ్యాధారము. ఇంద్రియములు ఏర్పడిన నాటినుండి గర్భము స్పందించును. జన్మాంతరమున అనుభవించినదానిని కోరును. దీనినే పెద్దలు ద్వైహృదయ్యమనిరి. శిశువు హృదయము రసవాహినులచే తల్లి హృదయముతో ముడివడి యుండుటవలన ఆ కోరిక తల్లి కోరికగా వెలువడును. సుశ్రుతుడు ఈ దశను నాల్గవ నెలయందు చెప్పి, కోరిక తీరనిచో గూని, కుంటి, మరుగుజ్జు బిడ్డలు కలుగుదురనెను. యాజ్ఞవల్క్యస్మృతియు ఇట్టి హెచ్చరికయే చేసి, కావున స్త్రీకి ప్రియమైనది చేయవలెనని విధించినది. ఆ 'కావున' అను మాటయొద్ద మనము నిలువవలెను. ఆమె కోరినది కావున తీర్చుట కాదు. శిశువునకు కీడు కలుగును కావున తీర్చుట.

అయినను చరకుడు మరియొక యడుగు వేసెను. గర్భమునకు హానికరములైనవానిని వర్జింపుమని చెప్పియు, కోరిక మిక్కిలి తీవ్రమైనచో అహితమును సైతము హితముతో కలిపి యీయవలెననెను. అణచిన కోరిక వాయువును ప్రకోపింపజేసి గర్భమును చెరుపునని ఆయన చూపిన హేతువు. ఈ హేతువును గాని, సుశ్రుతుడు చెప్పిన అంగవైకల్యములను గాని నేటి వైద్యశాస్త్రము అంగీకరింపదు. కాని గర్భిణిని నిర్బంధించి శిశువును కాపాడజాలమను వైద్యుని యనుభవము ఈ వాక్యమున కలదని మా యభిప్రాయము. ఇది నిషేధము కాదు, పూర్ణస్వేచ్ఛయు కాదు, పథ్యమెరిగిన బేరము.

కోరిక వేరు, సమ్మతి వేరు. ఉత్తరకాండమున రాముడు గర్భిణియగు సీతను ఏమి కావలెనని యడుగగా, గంగాతీరమునందలి ఆశ్రమములను చూడవలెనని ఆమె కోరెను. ఆశ్రమములను కోరిన తల్లికి ధర్మశీలుడగు బిడ్డ పుట్టునని సుశ్రుతుని వచనము. లోకాపవాదము వినిన పిదప రాముడు, ఆమె ముందే కోరియున్నది గదా యని, ఆ నెపముననే ఆమెను అడవిలో విడిచి రమ్మని లక్ష్మణుని ఆజ్ఞాపించెను. దోహదము అక్షరాల తీరినది. పరిత్యాగమును గూర్చి మాత్రము ఆమెను అడిగినవారు లేరు. దోహదధర్మమునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష మనకు వేరొకటి కానరాలేదు.

శస్త్రచికిత్సయందును ఇట్లే. మూఢగర్భమును తీయుటకంటె కష్టమైన పని లేదని సుశ్రుతుడు చెప్పెను. బ్రతికియున్న శిశువును శస్త్రముతో ఛేదింపరాదు; అది తల్లిని, బిడ్డను గూడ చంపును. శిశువు మృతి చెందినచో, తల్లిని కాపాడుటకై క్షణమైన జాగు చేయరాదు. ప్రాణముల తూకము ఇట స్పష్టము. కాని పనికి పూనుకొనుటకు ముందు వైద్యుడు అనుమతి గొనవలసినది 'అధిపతి' వలన. రాజన్నను, గృహాధిపతియన్నను, ఆ పదము గర్భిణిని సూచింపదు.

1860 నాటి శిక్షాస్మృతి, ఆమె ప్రాణరక్షణకై చేసినదానిని మినహాయించి, గర్భస్రావమునకు ఆమెను సైతము శిక్షార్హురాలిని చేసినది. 1971 నాటి చట్టమున 18 ఏండ్లు నిండిన, మతిస్థిమితము గల స్త్రీ సమ్మతి చాలును; భర్త సమ్మతి అక్కరలేదు. అధిపతి తొలగెను, వైద్యుని యభిప్రాయము, వారముల గడువు నిలిచెను. 2021 సవరణ కొన్ని వర్గముల స్త్రీలకు ఆ గడువును 24 వారములు చేసినది. 2023 అక్టోబరు 16న సుప్రీంకోర్టు, 26 వారములు దాటిన యొక వివాహిత ప్రార్థనను, ఆమె ప్రాణమునకు తక్షణాపాయము లేదనియు, శిశువునందు వైకల్యము లేదనియు త్రోసిపుచ్చినది. ఆ వ్యాజ్యమున తల్లి కోరిక యొక పక్షము, శిశువు మేలు వేరొక పక్షము. రెండు హృదయములకు ఒకే కోరికను చెప్పిన చరకుని గ్రంథమున అట్టి వ్యాజ్యమునకు చోటు లేదు.